భిలాయిలో ఆడపిల్లలూ, లెక్కల గ్రూపూ

మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి భిలాయి వచ్చింది ఉక్కు ప్లాంటు కొత్తలో. ప్లాంటు కోసం 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ కట్టడాలకు తట్టలు మోసిన ఆడకూలీలను ఇక్కడ రేజాలంటారు. దల్లీ రాజహరా గనుల్లో ఇనుప ఖనిజం చేత్తో తీసినవాళ్లలోనూ ఆడవాళ్లున్నారు. ప్లాంటు నడవడం మొదలయ్యాక మాత్రం పర్మనెంటు ఉద్యోగాలు దాదాపు అన్నీ మగవాళ్లవే.

చట్టం కూడా అలాగే ఉండేది. 1948 ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ ప్రకారం ఉదయం 6కి ముందు, రాత్రి 7 తర్వాత ఆడవాళ్లకు ఫ్యాక్టరీలో పని చెప్పకూడదు. ఫర్నేసేమో రాత్రీపగలూ మండాల్సిందే. నైట్ షిఫ్టు చేయని ఇంజినీరును ఎవరు తీసుకుంటారు? ఈ సంగతి టౌన్‌షిప్ సెక్టార్లలో ప్రతి ఇంటికీ తెలుసు. అందుకే మార్కులు ఎవరికెన్ని వచ్చినా కొడుక్కి మ్యాథ్స్, కూతురికి బయో.

నేను లెక్కల టీచరుగా చేరిన కొత్తలో ఒక పిల్ల మా సెక్టారు వాటర్ ట్యాంకు ఎత్తు లెక్కకట్టి తెచ్చింది. కోణమానినికి దారం కట్టి, దారానికి గులకరాయి వేలాడదీసింది. చుట్టూ కంచె ఉండటంతో ట్యాంకు మొదలుదాకా పోలేక, రెండు చోట్ల నిలబడి రెండు కోణాలు తీసుకుంది. అలా చేయమని నేను చెప్పలేదు. వాళ్లమ్మను పిలిపిస్తే, "బాగా చేస్తాదని నాకూ తెల్సు టీచరుగారూ, చదివి ఫర్నేస్ కాడ నిలబడతాదా?" అంది. ఆ పిల్ల బయోలోనే చేరింది. ఆ బాధ నాకిప్పటికీ ఉంది.

ఆ తర్వాత తల్లిదండ్రులు ఎవరొచ్చినా ఇంజినీరు ఎ. లలితగారి గురించి చెప్పేదాన్ని. మన తెలుగావిడే, 1919లో పుట్టారు. పద్దెనిమిదేళ్లకే భర్త పోయారు, ఒళ్లో నెలల బిడ్డ. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ప్రొఫెసరు. ప్రిన్సిపాల్ చాకోగారితో మాట్లాడి 1940లో కూతుర్ని ఎలక్ట్రికల్‌లో చేర్పించారు. తర్వాత ఆవిడ భాక్రా నంగల్ జనరేటర్ల పనిలో పాలుపంచుకున్నారు. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజినీర్ల తొలి అంతర్జాతీయ సమావేశానికి వెళ్లారు. నాన్న ధైర్యం ఒక్కటే చాలేది కాదు, కాలేజీ కూడా సీటివ్వాలి కదా!

2000లో మద్రాసు హైకోర్టు ఫ్యాక్టరీల చట్టంలోని ఆ రాత్రిపని నిషేధాన్ని కొట్టేసింది. సమ్మతీ రక్షణా ఉంటే ఆడవాళ్లు రాత్రి పని చేయవచ్చని 2020 నాటి కొత్త కార్మిక కోడ్ చెబుతోంది. ఐఐటీలు 2018 నుంచి అమ్మాయిలకు అదనపు సీట్లు పెట్టాయి. 2016లో మొదలైన భిలాయి ఐఐటీ మన గుమ్మంలోనే ఉంది.

ఆడపిల్లలకు లెక్కలు రావన్న మాట నా తరగతిలో ఎన్నడూ రుజువు కాలేదు. ఈ యేడు మీ ఇంట్లో పదో తరగతి పిల్ల ఉంటే, గ్రూపు ఏదో మీరు తేల్చకముందే ఆ పిల్ల లెక్కల నోటుబుక్కు ఒకసారి తెరిచి చూడండి.