తులసిదళం

తులసిదళం యండమూరి వీరేంద్రనాథ్ రాసిన తెలుగు క్షుద్ర నవల. రచయిత 1948 నవంబరు 14న కోనసీమలోని రాజోలులో జన్మించాడు. చార్టర్డ్ అకౌంటెంటుగా పనిచేసిన వీరేంద్రనాథ్ ఈ నవలను 1980ల తొలి ఏళ్లలో ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వెలువరించాడు.

శ్రీధర్, శారద దంపతుల చిన్నారి కూతురు తులసికి దక్కవలసిన ఆస్తిపై కొందరు కన్నేసి, ఆమెపై ‘కాష్మోరా’ అనే క్షుద్రశక్తిని ప్రయోగింపజేస్తారు. కథలోని దుర్మార్గం శ్మశానంలో పుట్టదు. డబ్బాశతో చేతులు కలిపిన మనుషుల నుంచి పుడుతుంది. పాప మంచం చుట్టూ ఒకవైపు వైద్యం, హిప్నాటిజం, మరోవైపు మంత్రతంత్రాలు పోటీపడతాయి. ప్రతి ఘటనకూ శాస్త్రీయ వివరణ, అతీత వివరణ రెండూ పక్కపక్కనే నడుస్తాయి. నవల బలం ప్రధానంగా ఈ ఊగిసలాటలోనే ఉంది. దెయ్యం పట్టిన బాలిక ఇతివృత్తంతో అమెరికాలో విలియం పీటర్ బ్లాటీ ‘ది ఎక్సార్సిస్ట్’ 1971లోనే వచ్చింది.

దీనికి కొనసాగింపు ‘తులసి’. దాని ఆధారంగా 1986లో ‘కాష్మోరా’ చిత్రం వచ్చింది. రాజేంద్రప్రసాద్, రాజశేఖర్, భానుప్రియ నటించారు. తులసిదళం కన్నడంలోనూ చలనచిత్రమైంది.

నవల మూఢనమ్మకాలను పెంచుతుందన్న విమర్శ తీవ్రంగానే వచ్చింది. రచయిత్రి రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు గంజాయి దమ్ము’ పేరుతో దీన్ని ఖండించింది. వారపత్రికల్లో క్షుద్ర ధారావాహికల ఒరవడికి మాత్రం ఈ నవలే ఊతమిచ్చింది.