పెద్దింటి వెనక పెరడు

అమెరికాలో దక్షిణ కరోలినా రేవు పట్టణం చార్ల్‌స్టన్. అక్కడ వర్తకుడు నథానియెల్ రస్సెల్ 1808లో కట్టించిన ఇంటికి వెళ్లినవాళ్ల చూపు ముందు మెట్ల మీదే ఆగుతుంది. ఏ ఆధారమూ లేనట్టు గుండ్రంగా తిరుగుతూ మూడో అంతస్తు దాకా లేస్తాయవి. రస్సెల్ సంపాదనలో బానిసల అమ్మకం సొమ్మూ ఉంది. ఆ ఇంట్లో వండి, ఉతికి, బిడ్డల్ని పెంచిన బానిసలు పెరట్లో వంటశాల మీది గదుల్లో ఉండేవాళ్లు.

పొలాల్లో కన్నా పట్నంలో బానిస బతుకు మేలని ఒక మాట చాలాకాలం చెలామణీ అయింది. నేనది ఒప్పుకోలేను. పట్నంలో ఎత్తయిన ప్రహరీ లోపల, యజమాని కంటిముందే తెల్లవారేది, పొద్దుగూకేది. పిలుపు ఎప్పుడొస్తే అప్పుడు లేవాల్సిందే.

వీధిలోకి వెళ్లినా విడుదల లేదు. బానిసను బయటి పనికి కుదిర్చి ఆ కూలిని యజమాని తీసుకునేవాడు. అందుకు నగరపాలక సంస్థ నుంచి ఏటా రాగిబిళ్ల కొనాలి. ఆ బిళ్ల మీద సంవత్సరం, నంబరు, చేసే పని చెక్కి ఉండేవి: పనిమనిషి, కూలీ, జాలరి. బిళ్ల లేకుండా దొరికితే వర్క్‌హౌస్ అనే జైలు. రుసుము కడితే యజమాని బదులు కొరడా దెబ్బలు కొట్టించే చోటు కూడా అదే.

1822లో డెన్మార్క్ వెసీ తిరుగుబాటుకు పథకం వేశాడన్న అభియోగం బయటపడింది. లాటరీ సొమ్ముతో తన స్వేచ్ఛ తానే కొనుక్కున్న వడ్రంగి అతను. వెసీతో కలిపి 35 మందిని ఉరితీశారు. ఆపైన కట్టడి ఇంకా బిగిసింది. బానిసలకు రాత నేర్పడాన్ని 1740లోనే నిషేధించారు; 1834 చట్టం చదువు నేర్పడాన్నీ నేరం చేసింది.

రస్సెల్ ఇంటి వంటశాల గోడల్లో ఈమధ్య ఎలుకల గూళ్లు బయటపడ్డాయి. వాటిలో గుడ్డపీలికలు, గుండీలతోపాటు అక్షరాలు నేర్పే పుస్తకపు చిరుగు ముక్క ఒకటి దొరికింది. అది ఎవరి చేతిలోదో కాగితం చెప్పదు. కానీ ఆ గదుల్లో ఎవరో చట్టాన్ని ధిక్కరించి అక్షరాలు కూడబలుక్కున్నారనే నేను నమ్ముతాను.

1865లో బానిసత్వం రద్దయింది. ఇలాంటి పెద్దిళ్లు మ్యూజియాలయ్యాక కూడా చాలా ఏళ్లు గైడ్లు ఫర్నిచర్ గురించే చెప్పారు. అదే ఊళ్లోని ఐకెన్-రెట్ ఇంట్లో ఇప్పుడు సందర్శన పెరటి గదుల గుండా సాగుతుంది. అక్కడ బానిసలుగా బతికిన ఆన్ గ్రెగ్స్, ఆమె కొడుకు హెన్రీ, డోర్కాస్, సాంబో రిచర్డ్‌సన్ దంపతుల పేర్లు పలుకుతారు. ఆ ఇంటి యజమాని గవర్నర్ ఐకెన్ పేరు కన్నా ముందు వినాల్సిన పేర్లవి.