క్యాచప్ టెలివిజన్‌లో బఫరింగ్

క్యాచప్ టెలివిజన్ అనగా ఒకసారి ప్రసారమై ముగిసిన కార్యక్రమాన్ని ప్రేక్షకుడు తనకు వీలైన వేళ అంతర్జాలం ద్వారా తిరిగి చూసుకొనే సదుపాయం. ఈ విధంగా చూసేటప్పుడు బొమ్మ నడుమనడుమ నిలిచిపోయి, తెరపై వలయం తిరుగుతూ ఉండడాన్ని వాడుకలో బఫరింగ్ అంటారు. బొమ్మ ఆగకపోయినా మసకబారడం, మాటకూ పెదవుల కదలికకూ పొంతన తప్పడం వంటివి కూడా నాణ్యతా లోపాలే. ఒకే సెట్ టాప్ బాక్సులో ప్రత్యక్ష ప్రసారం సాఫీగా సాగుతూ, నిన్నటి కార్యక్రమం మాత్రం ఆగిఆగి రావడం చాలామందికి అనుభవమే. బాక్సు చెడిపోయిందనుకోవడం పరిపాటి. కాని ఎక్కువ సందర్భాలలో కారణం అది కాదు. ఆ రెండు ప్రసారాలూ ఇంటికి చేరే పద్ధతులు వేరు.

చరిత్ర

ఈ సదుపాయాన్ని విస్తృతంగా ప్రజలలోకి తెచ్చిన సేవలలో బ్రిటన్‌కు చెందిన బీబీసీ ఐప్లేయర్ ముఖ్యమైనది. ఇది 2007 డిసెంబరు 25న పూర్తిస్థాయిలో మొదలైంది. 2008లో వర్జిన్ మీడియా కేబుల్ బాక్సులలోనూ లభ్యమైంది. మొదట చాలా కార్యక్రమాలు 7 రోజులు మాత్రమే అందుబాటులో ఉండేవి. 2014లో ఈ గడువును 30 రోజులకు పెంచారు. 2012 జూలైలో వచ్చిన యూవ్యూ బాక్సులో కార్యక్రమాల పట్టికను వెనుకకు జరిపి, గడచిన 7 రోజుల కార్యక్రమాలను ఎంచుకొనే వీలు కల్పించారు.

2006లో ఉదయ్ రెడ్డి స్థాపించిన యప్ టీవీ ద్వారా విదేశాలలోని తెలుగువారికి తెలుగు ఛానళ్లు అంతర్జాలంలో అందాయి. భారతదేశంలో 2016లో వచ్చిన జియో టీవీ 7 రోజుల వెనుకటి కార్యక్రమాలు చూసే సౌకర్యం కల్పించింది. ఆంధ్రప్రదేశ్‌లో విద్యుత్ స్తంభాల మీదుగా తీగ లాగి నిర్మించిన ఫైబర్‌నెట్ పథకాన్ని 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. ఇందులో టెలివిజన్, అంతర్జాలం, టెలిఫోను మూడూ ఒకే తీగ ద్వారా ఇంటికి వస్తాయి.

ప్రత్యక్ష ప్రసారానికీ క్యాచప్‌కూ గల భేదం

డిష్, యాంటెన్నా లేదా కేబుల్ ద్వారా వచ్చే ప్రసారం ఊరిలో వేసే దండోరా వంటిది. ఒకసారి చాటితే అందరూ వింటారు. వినేవారు పదిమందైనా పదివేలమందైనా చాటేవాని శ్రమ ఒకటే. ఫైబర్ తీగ మీద వచ్చే ప్రత్యక్ష ఛానళ్లకు కూడా చాలా సంస్థలు మల్టీకాస్ట్ అనే ఇటువంటి పద్ధతినే వాడతాయి. క్యాచప్ ప్రసారం ఉత్తరాల బట్వాడా వంటిది. ఒకరు మొదటి దృశ్యం వద్ద, మరొకరు చివరి దృశ్యం వద్ద ఉంటారు కనుక ప్రతి ఇంటికీ వేరువేరుగా ప్రతిని పంపవలసి ఉంటుంది. దీనిని యూనికాస్ట్ అంటారు. అందువలన చూసేవారి సంఖ్య పెరిగేకొద్దీ సర్వర్ల మీద, దారి పొడవునా ఉన్న తీగల మీద భారం పెరుగుతుంది.

బఫరు పనిచేసే తీరు

బఫరు అనగా మున్ముందు చూపవలసిన దృశ్యాలను కొంతసేపటికి సరిపడా బాక్సు దాచి ఉంచుకొనే జ్ఞాపకస్థానం. దీనిని మేడ మీది నీళ్ల ట్యాంకుతో పోల్చవచ్చు. కుళాయి నీరు హెచ్చుతగ్గులుగా వచ్చినా, ట్యాంకులో నీరున్నంతవరకు ఇంటిలో ధార ఆగదు. ట్యాంకు ఖాళీ అయితే తిరిగి కొంత నిండేవరకు ఆగవలసిందే.

కార్యక్రమాన్ని సాధారణంగా 2 నుండి 10 సెకన్ల తునకలుగా విభజించి పంపుతారు. ఉదాహరణకు సెకనుకు 5 మెగాబిట్ల నాణ్యత గల దృశ్యంలో 6 సెకన్ల తునక పరిమాణం 30 మెగాబిట్లు. తీగలో వేగం 4 మెగాబిట్లే ఉంటే ఆ తునక రావడానికి 7.5 సెకన్లు పడుతుంది. అంటే ప్రతి తునకకూ 1.5 సెకన్ల నిల్వ తరుగుతుంది. మొదట 30 సెకన్ల నిల్వ ఉన్నా, 20 తునకలు వచ్చేసరికి, అనగా రెండున్నర నిమిషాలలో, అది పూర్తిగా అయిపోయి బొమ్మ ఆగిపోతుంది. ఆరంభంలో బాగా ఉండి కాసేపటికి ఆగడానికి కారణం ఇదే.

ఈ ఇబ్బందిని తగ్గించడానికి ఒకే కార్యక్రమాన్ని పలు నాణ్యతలలో సిద్ధపరచి, వేగం తగ్గినప్పుడు తక్కువ నాణ్యత గల తునకను తెప్పించే పద్ధతి వచ్చింది. ఆపిల్ సంస్థ 2009లో ప్రవేశపెట్టిన హెచ్.ఎల్.ఎస్., 2012లో అంతర్జాతీయ ప్రమాణంగా ప్రచురితమైన ఎంపెగ్-డాష్ ఇటువంటివే. కనుక బొమ్మ హఠాత్తుగా మసకబారడం, ఆగిపోకుండా ఉండేందుకు బాక్సు చేసే సర్దుబాటు కావచ్చు.

ప్రధాన కారణాలు

* వైఫై బలహీనత: రూటరుకు, బాక్సుకు మధ్య గోడలు అడ్డుగా ఉండడం. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఒకదానితో ఒకటి కలియని ఛానళ్లు మూడే కావడం చేత పొరుగిళ్ల రూటర్లు కూడా అడ్డు వస్తాయి. మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఈ పట్టీలోనే పనిచేస్తుంది. 5 గిగాహెర్ట్జ్ పట్టీలో రద్దీ తక్కువ, కాని గోడలను దాటే శక్తి కూడా తక్కువే.
* సాయంత్రపు రద్దీ: ఒక ప్రాంతంలోని ఇళ్లన్నీ ఒకే వేళ అంతర్జాలం వాడడం.
* డేటా పరిమితి: నెలవారీ పరిమితి దాటిన తరువాత కొన్ని పథకాలలో వేగాన్ని బాగా తగ్గిస్తారు.
* సర్వర్ల దూరం: సమీపంలో ప్రతులు నిల్వచేసే సర్వర్లు లేకపోతే దూరదేశం నుండి తునకలు రావలసి ఉంటుంది.
* పాత బాక్సు: జ్ఞాపకస్థానం చాలకపోవడం, కొత్త కుదింపు పద్ధతులను విప్పలేకపోవడం, సాఫ్ట్‌వేరు నవీకరణలు ఆగిపోవడం.

కారణాన్ని గుర్తించే విధానం

1. డిష్ లేదా కేబుల్ ద్వారా వచ్చే ప్రత్యక్ష ఛానలు కూడా గళ్లుగళ్లుగా విడిపోతుంటే లోపం డిష్‌లోనో తీగలోనో ఉన్నట్లు. అంతర్జాల వేగం పెంచినా ఇది పోదు.
2. ఒక్క సేవలోనే ఆగుతూ, తక్కినవి బాగుంటే లోపం ఆ సేవ సర్వర్లలో ఉండవచ్చు.
3. రాత్రి వేళ మాత్రమే ఆగి, తెల్లవారుజామున బాగుంటే రద్దీయే కారణమని భావించవచ్చు.
4. బాక్సును ల్యాన్ తీగతో రూటరుకు కలిపినప్పుడు సమస్య పోతే లోపం వైఫైలో ఉన్నది.
5. టీవీ పక్కనే అదే వైఫై మీద ఫోనులో అదే కార్యక్రమం సాఫీగా సాగితే అప్పుడు బాక్సును అనుమానించాలి.

ఈ పరీక్షలకు ఖర్చు లేదు. ఇవి చేయకుండా ఎక్కువ వేగపు పథకం తీసుకున్నవారికి డబ్బు వృథా అయ్యే అవకాశం ఉంది.

వేగము, డేటా లెక్క

పథకాలలో చెప్పే వేగం మెగాబిట్లలో ఉంటుంది. 8 బిట్లు ఒక బైటు. సెకనుకు 5 మెగాబిట్ల నాణ్యతతో గంటసేపు చూస్తే సుమారు 2.25 గిగాబైట్లు, 2 మెగాబిట్లతో చూస్తే సుమారు 0.9 గిగాబైట్లు ఖర్చవుతాయి. భారతదేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కనీస వేగం 2004 విధానం ప్రకారం సెకనుకు 256 కిలోబిట్లు. 2023లో దీనిని 2 మెగాబిట్లకు పెంచారు. ఈ కనీస వేగం సాధారణ స్పష్టతకు సరిపోవచ్చును గాని హైడెఫినిషన్‌కు చాలదు.

ప్రాముఖ్యత

కరోనా కాలంలో ఈ సమస్య వినోదానికి పరిమితం కాలేదు. 2020 మార్చిలో రద్దీని తగ్గించడానికి యూరప్‌లో నెట్‌ఫ్లిక్స్, యూట్యూబ్ సంస్థలు నాణ్యతను తగ్గించాయి. అదే నెలలో భారతదేశంలోని వీడియో సంస్థలు మొబైల్ నెట్‌వర్కులపై స్పష్టతను 480 గీతలకు పరిమితం చేశాయి. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్ల ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. ప్రసార వేళకు టీవీ ముందు కూర్చున్న విద్యార్థికి అంతర్జాలం అవసరం లేకపోయింది. ఆ వేళ తప్పిపోయిన విద్యార్థి మాత్రం అదే పాఠాన్ని అంతర్జాలంలో వెదకి చూడవలసి వచ్చింది. దండోరాకూ బట్వాడాకూ గల భేదం చదువు విషయంలో ఎంత ముఖ్యమైనదో దీనివలన తెలుస్తుంది.

ఇవి కూడా చూడండి

* సెట్ టాప్ బాక్సు
* బ్రాడ్‌బ్యాండ్
* వైఫై
* దూరదర్శన్