కళ్ల ముందు ఎగిరే ఈగలు: లేజర్ ఎవరికి పనికొస్తుంది, ఎవరికి వద్దు?

సీతారామపురం: ఫజర్ నమాజ్ అయ్యాక మసీదు తెల్లగోడ వైపు చూస్తే మా మామూకి నల్ల ఈగ ఒకటి కనిపించేది. చేత్తో తోలితే పోదు. కన్ను తిప్పితే అదీ తిరుగుతుంది. దుమ్ము పడిందేమో అని రెండు రోజులు నీళ్లతో కడుక్కున్నాడు. మూడో రోజు సుర్మా పెట్టుకున్నాడు. నాలుగో రోజు రాత్రి చీకట్లో కంటి పక్కన మెరుపు మెరిసినట్టు అయ్యేసరికి ఇంట్లోవాళ్లు భయపడి, పొద్దున్నే నెల్లూరు బస్సు ఎక్కించారు. చుక్కల మందు వేసి, కంటిపాప పెద్దది చేసి చూస్తే రెటీనా పొరకు చిన్న చినుగు ఉంది. అదే రోజు లేజర్ చేశారు. అల్‌హందులిల్లాహ్, చూపు దక్కింది.

వారం తర్వాత మామూ అడిగాడు: "లేజర్ చేశారు కదా బేటా, ఈగ ఇంకా ఎందుకుంది?" ఇదే సందేహం చాలా ఇళ్లలో ఉంది. అందుకే ఈ వివరాలు.

ఈ ఈగలు ఏమిటి?

కంటి ముందువైపు లెన్సుకూ, వెనక గోడకు అంటుకుని ఉండే రెటీనాకూ మధ్య గుడ్డు తెల్లసొన లాంటి జిగురు ఉంటుంది. దాన్ని విట్రియస్ అంటారు. సుమారు 4 మిల్లీలీటర్లు ఉంటుంది, అందులో దాదాపు 98 శాతం నీళ్లే. మిగతాది సన్నటి కొల్లాజెన్ పోగులు, హైలురోనిక్ ఆమ్లం. వయసు మీద పడేకొద్దీ జిగురు పలచబడి, పోగులు ముద్ద కడతాయి. వాటి నీడ రెటీనా మీద పడుతుంది. మనకు కనిపించేది ఆ నీడే. తెల్లగోడ, ఆకాశం, ఫోన్ స్క్రీన్, ఖుర్ఆన్ పేజీ చూసేటప్పుడు బాగా తెలుస్తాయి. డాక్టర్లు ఫ్లోటర్లు అంటారు.

50 దాటాక చాలామందికి ఈ జిగురు రెటీనా నుంచి విడివడుతుంది. మైనస్ పవర్ ఎక్కువున్నవాళ్లకు, శుక్లం ఆపరేషన్ అయినవాళ్లకు, కంటికి దెబ్బ తగిలినవాళ్లకు ఇంకా ముందే రావచ్చు. విడివడేటప్పుడు రెటీనాను లాగితే మెరుపులు కనిపిస్తాయి. గట్టిగా లాగితే చినుగు పడుతుంది. చినుగులోంచి నీరు వెనక్కి చేరితే రెటీనా ఊడుతుంది. అప్పుడు చూపే పోతుంది.

ఏవి కనిపిస్తే ఆలస్యం చేయకూడదు?

- ఒక్కసారిగా చాలా నల్లచుక్కలు, మసి చల్లినట్టు రావడం
- కంటి పక్కన మెరుపులు
- ఒక పక్క నుంచి పరదా దించినట్టు నీడ
- హఠాత్తుగా చూపు మసకబారడం

వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అదే రోజు, కుదరకపోతే మర్నాడైనా కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. నొప్పి లేదు కదా అని ఆగొద్దు. రెటీనా చినిగినా నొప్పి ఉండదు. షుగర్ ఉన్నవాళ్లకు కంటి లోపల రక్తం చిమ్మినా ఇలాగే నల్లచుక్కలు వస్తాయి. అద్దాల షాపులో పవర్ చూస్తే ఇది తెలియదు. కంటిపాప పెద్దది చేసి చూడాల్సిందే.

లేజర్లన్నీ ఒకటి కావు

కంటికి చేసే లేజర్లు చాలా రకాలు. మనవాళ్లు ఎక్కువగా వినేవి నాలుగు. అద్దాలు తీసేయడానికి లాసిక్. శుక్లం ఆపరేషన్ తర్వాత లెన్సు వెనక పొర మసకబారితే చేసే యాగ్ లేజర్. రెటీనా చినుగు చుట్టూ కంచె వేసినట్టు అతికించే లేజర్, మా మామూకి చేసింది ఇదే. ఇది చినుగును ఆపుతుంది, ఈగను తీయదు. నాలుగోది ఫ్లోటర్ల కోసమే చేసే యాగ్ విట్రియోలైసిస్.

ఈ నాలుగో దాంట్లో కంటిపాప పెద్దది చేసి, మత్తు చుక్కలు వేసి, కంటి మీద ఒక ప్రత్యేక లెన్సు పెడతారు. పేషెంటు మిషన్ ముందు కూర్చోవాలి. చాలా చిన్న లేజర్ దెబ్బలతో ముద్దను ఆవిరి చేస్తారు, లేదా ముక్కలు చేస్తారు. సాయంత్రానికి ఇంటికి పోవచ్చు. ఒక్కోసారి రెండు మూడు సిట్టింగులు కావాలి.

ఎంతవరకు పనిచేస్తుంది?

అమెరికాలో 52 మందిపై చేసిన పరిశోధన 2017లో జామా ఆప్తాల్మాలజీ పత్రికలో వచ్చింది. 36 మందికి నిజమైన లేజర్, 16 మందికి ఉత్తుత్తి లేజర్ చేశారు. ఆరు నెలల తర్వాత చూస్తే, నిజమైన లేజర్ చేయించుకున్నవాళ్లకు ఇబ్బంది సగటున 54 శాతం తగ్గింది. రెండో గుంపులో 9 శాతమే. అంటే పని చేస్తుంది, కానీ అందరికీ పూర్తిగా పోదు. పైగా 52 మంది అంటే చిన్న లెక్క. అరుదుగా వచ్చే నష్టాలు అంత తక్కువ మందిలో బయటపడవు.

జిగురు పూర్తిగా విడివడి, ఒకే పెద్ద ఉంగరం లాంటి ఫ్లోటర్ ఉండి, అది లెన్సుకూ రెటీనాకూ దూరంగా ఉన్నవాళ్లకు ఇది బాగా సరిపోతుంది. చిన్న వయసువాళ్లకు ఫ్లోటర్లు సన్నగా, రెటీనాకు దగ్గరగా ఉంటాయి కాబట్టి సాధారణంగా చేయరు. గురి తప్పితే లెన్సుకు తగిలి శుక్లం రావచ్చు, రెటీనా దెబ్బతినవచ్చు, కంటి ప్రెషర్ పెరగవచ్చు.

ఇంకో దారి విట్రెక్టమీ, అంటే ఆపరేషన్ చేసి జిగురునే తీసేయడం. ఫ్లోటర్లు బాగా పోతాయి. కానీ తర్వాత శుక్లం రావడం మామూలే, ఇన్ఫెక్షన్, రెటీనా ఊడే ప్రమాదం కూడా కొంత ఉంది. అందుకే ప్రమాద గుర్తులు లేనివాళ్లకు డాక్టర్లు ముందు కొన్ని నెలలు ఆగమంటారు. ముద్ద కిందికి జారుతుంది, మెదడు కూడా దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. ఉదయగిరిలో చెక్క స్పూన్లు చెక్కే అక్కచెల్లెళ్ల లాంటి సన్న పని చేసేవాళ్లకు నెలలు గడిచినా ఇబ్బంది తగ్గకపోతే, అప్పుడు లేజర్ మాట ఆలోచించవచ్చు.

మన ఇళ్లకు కావలసిన సంగతులు

సుర్మా కంటి పైనే ఉంటుంది, లోపలి ఈగను తాకదు. కొన్ని సుర్మాల్లో సీసం ఉంటుంది, పిల్లలకు అసలు పెట్టొద్దు. ఫ్లోటర్లను కరిగించే చుక్కల మందు కూడా లేదు.

రమజాన్ అని పరీక్ష వాయిదా వేయొద్దు. కంటి చుక్కలతో రోజా పోదని హనఫీ ఫిఖ్‌హ్ చెబుతుంది. చుక్కలు వేశాక కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, బండి నడపకుండా తోడు ఒకరిని తీసుకెళ్లండి. రెటీనా ఆపరేషన్‌లో కంట్లో గ్యాస్ నింపితే అది కరిగేదాకా విమానం ఎక్కకూడదు. గల్ఫ్‌కు, ఉమ్రాకు టికెట్ ఉన్నవాళ్లు ముందే డాక్టర్‌కు చెప్పాలి. సజ్దా చేయవచ్చా అని కూడా అడగండి. వద్దంటే సైగతో నమాజ్ చేసే సడలింపు దీన్‌లో ఉంది.

సీతారామపురం నుంచి నెల్లూరు వంద కిలోమీటర్లకు పైనే. అక్కడ ఏసీఎస్‌ఆర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న పెద్దాసుపత్రి ఉంది. రెటీనా వైద్యానికి తిరుపతిలో అరవింద్, విజయవాడలో ఎల్వీ ప్రసాద్, చెన్నైలో శంకర నేత్రాలయ ఉన్నాయి.

లేజర్‌కు ఒప్పుకునే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి: నాకు చేసేది ఏ రకం లేజర్? చినుగు ఉందా లేదా? మొత్తం ఎన్ని సిట్టింగులు, ఖర్చెంత? చేయించుకోకపోతే ఏమవుతుంది? బస్సు చార్జీ, తోడు వచ్చే మనిషి కూలి కూడా లెక్కలో వేసుకోండి.

మా మామూ ఈగ ఇంకా ఉంది. "దానికి నేను అలవాటయ్యాను, నాకు అది అలవాటయ్యింది" అంటాడు. కానీ ఆ పొద్దున బస్సు ఎక్కకపోయి ఉంటే, ఈగతో పాటు గోడ కూడా కనిపించేది కాదు.