ముగ్గురు కృష్ణులు, ఒక్క హార్మోనియం

దగ్గరికి జరగండబ్బయ్యా. ఆ చివర కూర్చుంటే పొగే గానీ సెగ తగలదు. సరుగుడు కట్టె ఇది, నిలకడగా మండద్ది. ఇప్పుడు శ్రీహరికోట అంటే లోకానికంతా రాకెట్టు. మా చిన్నప్పుడు మాత్రం మద్రాసోళ్లకి పొయ్యిలోకి కట్టె పంపే దీవి. బకింగ్‌హాం కాలవలో కట్టెల పడవలు వరసాగ్గా దక్షిణానికి పొయ్యేవి. తిరిగొచ్చేటప్పుడు వాటిల్లో కిరసనాయిలు, గుడ్డలు, ఎప్పుడన్నా ఒక గ్రామఫోను ప్లేటు వచ్చేది.

నిన్న మీ పెద్దన్న అడిగాడు, "తాతా, మీ కాలంలో లైవ్ రికార్డింగులు యాడివి?" అని. ఉండాయిరా. నా రేకుపెట్టెలో ఇంకా ఉండాయి. వాటి సంగతి చెప్పాలంటే ముందు ప్లేటు కాడ మొదలుపెట్టాల.

ప్లేటంటే లక్కతో చేసిన నల్ల బిళ్ల. నిమిషానికి 78 చుట్లు తిరిగేది. ఒక పక్కకి మూడు నిమిషాల పాట పడితే ఎక్కువ. మాధవపెద్ది వెంకట్రామయ్య దుర్యోధనుడు కావచ్చు, అద్దంకి శ్రీరామమూర్తి ధర్మరాజు కావచ్చు, ఎంతటోడైనా ఆ మూడు నిమిషాల్లో పద్యం ఎత్తి, రాగం తీసి, దించెయ్యాల. మేం ఆ ప్లేట్లు విని విని, నాటకమంటే అంతే ఉంటాదనుకునేవాళ్లం. సూళ్లూరుపేటలో మొదటిసారి స్టేజీ ముందు కూర్చున్నాక గదా తెలిసింది! ప్లేటులో మూడు నిమిషాల్లో అయిపొయ్యే పద్యం ఆడ పావుగంటయినా దిగదు. ఆఖరి పాదంలో రాగం అందుకున్నాడంటే బీడీ ముట్టించినోడు తాగడం మర్చిపొయ్యేవాడు. అయిపోతానే "వన్స్ మోర్" అని అరుపులు. మళ్లీ మొదట్నించీ.

మా కాలంలో అన్నిటికంటే గిరాకీ కాంట్రాక్టు నాటకాలకి. కాంబినేషన్ నాటకాలని గూడా అనేవాళ్లు. అది ఒక కంపెనీ గాదు, ఒక సమాజం గాదు. సురభి వాళ్లదయితే కుటుంబం కుటుంబమంతా నాటకమే, 1885లో కడప జిల్లా సురభి ఊళ్లో మొదలైనప్పట్నించీ తల్లీ బిడ్డా అందరూ ఒకే డేరా కింద ఉండేవాళ్లు. ఇది అట్ట గాదు. కాంట్రాక్టరు ఒకడుంటాడు. తెనాలినించి ఒకణ్ణి, రాజమండ్రినించి ఒకణ్ణి, బెజవాడనించి ఇంకొకణ్ణి పిలిపిస్తాడు. రైలు దిగి, కాఫీ తాగి, మొహానికి రంగేసుకునేటప్పుడు గానీ ఒకరినొకరు చూసుకోరు. రిహార్సల్సా? దానికి టైమేది! అందరికీ ఒకే పద్యాలు నోటికొచ్చు. తిరుపతి వేంకట కవులు రాసిన పాండవోద్యోగ విజయాలు అప్పటికే ఆంధ్రదేశంలో గొడ్లు కాసేవాడికి గూడా వచ్చు. పద్యం అందరిదీ, గొంతు ఎవడిది వాడిది. ఈ నెల ఈ అర్జునుడు, వచ్చే నెల ఇంకో అర్జునుడు, ఎవరొచ్చినా నాటకం నడిచేది.

కరపత్రం చూస్తే నవ్వొచ్చేది. 1వ కృష్ణుడు ఫలానా, 2వ కృష్ణుడు ఫలానా, 3వ కృష్ణుడు ఫలానా, పక్కన వాళ్ల గుండ్రటి ఫోటోలు. పడక సీనుకి ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు, యుద్ధంలో రథం మీద మూడో కృష్ణుడు. హరిశ్చంద్రలో గూడా అంతే, వారణాసిలో అప్పులు తీర్చేవాడు ఒకడు, కాటిలో కర్ర పట్టుకునేవాడు ఇంకొకడు. చంద్రమతి పాపం ఆ ఇద్దరు మొగుళ్లతోనూ వేగాల. చదువుకున్నోళ్లు ఇదేం నాటకమని తిట్టేవాళ్లు. రాగాలకోసం పాత్రని చంపుతుండారని పత్రికల్లో రాసేవాళ్లు. వాళ్లు చెప్పింది నిజమే, నేను కాదనను. కానీ ఈలపాట రఘురామయ్య నోట్లో వేలు పెట్టుకుని ఈలతో పద్యం వినిపిస్తాడని తెలిశాక పాత్ర చావనీ, బతకనీ, జనం ఆగుతారా? పీసపాటి నరసింహమూర్తి కృష్ణుడైతే మాట నిదానం, వాదన పదును. షణ్ముఖి ఆంజనేయరాజు కృష్ణుడైతే గొంతు ఇంకో దారి. ఒకే రాత్రి ఒకే టికెట్టుకి అట్టాంటి పోలిక చూసే భాగ్యం యాడ దొరుకుతుంది?

ఇంతమంది మారుతుండారు గదా, మారనోడు ఎవుడు? హార్మోనిస్టు. స్టేజీకి ఒక పక్కన, కాలితో తొక్కే హార్మోనియం పెట్టె ముందు కూర్చుని ఉంటాడు. కరపత్రంలో వాడి పేరు అట్టడుగున, చిన్నక్షరాల్లో. కానీ రాత్రి పదినించి తెల్లారిందాకా లేవనోడు వాడొక్కడే. ఒకటో కృష్ణుడి శ్రుతి నాలుగా, రెండో కృష్ణుడిది ఐదా, ఎవరికి మోహన ఇష్టం, ఎవరికి కల్యాణి మీద మోజు, ఎవరు తాగొచ్చారు, ఎవరికి గొంతు పట్టేసింది, అన్నీ వాడికి తెలుసు. నటుడు పాదం మర్చిపోతే కింద నించి సన్నగా అందిస్తాడు. లోపల దుర్యోధనుడి మీసం ఇంకా అతకలేదంటే బయట ఇంకో రాగం వాయించి జనాన్ని కూర్చోబెడతాడు. పక్కన తబలా ఆయన ఎటూ ఉంటాడు గానీ, పగ్గాలు హార్మోనియం చేతిలోనే.

సరే, టేపు సంగతికొస్తా. షార్ అనే రాకెట్టు కేంద్రం కోసం దీవిలో ఊళ్లు ఖాళీ చేసి మేం ఈ పక్కకొచ్చేశాం. 1971 అక్టోబరు 9న మొదటి రాకెట్టు ఎగిరింది, చిన్నదే, రోహిణి-125. ఆ తర్వాత షార్‌కి యాడాడనించో సార్లు వచ్చారు. వాళ్లలో ఒకాయనకి నాటకాల పిచ్చి. ఆయన కాడ టేప్‌రికార్డరుండేది. జాతరకి నాటకమంటే చాలు, పెట్టె చంకనేసుకుని వచ్చేవాడు, నేను వైరు పట్టుకుని ఆయనెనకాల. మైకు యాడ పెట్టాలనేది పెద్ద గొడవ. స్టేజీ మధ్యలో పెట్టనివ్వరు, అది నటుల జాగా. చివరికి హార్మోనియం పక్కన గుంజకి కట్టేవాళ్లం. దాంతో ఏమైందంటే, టేపులో హార్మోనియం దగ్గరగా, కృష్ణుడు కాస్త దూరంగా పడ్డాడు. కాలి తొక్కుడు చప్పుడు గూడా వినపడద్ది. జనం దగ్గు, పసిబిడ్డ ఏడుపు, సోడా మూత "టప్పు"మనడం, అన్నీ. పొద్దున టీ అంగట్లో పెట్టి వినిపిస్తే ఒక కృష్ణుడు మొహం మాడ్చుకున్నాడు. "నా గొంతేదయ్యా? పెట్టెవాడి కచేరీ మాదిరుండాదే!" అన్నాడు. హార్మోనిస్టు మాత్రం కిక్కురుమనకుండా ఇంకో టీ చెప్పుకున్నాడు.

నాకైతే ఆ టేపే అసలైన నాటకం అనిపించింది, ఇప్పటికీ అంతే. ప్లేటు నటుణ్ణి ఒంటరిగా చూపిస్తాది. టేపులో ఆ రాత్రి మొత్తం ఎవరి మీద నిలబడిందో తెలిసిపోతాది.

అందుకే నిన్న మీ పెద్దన్న ఫోన్లో ఆ ఇంగ్లీషు బ్యాండు వినిపించినప్పుడు నాకు కొత్తేమీ అనిపించలా. రింగో స్టార్ అని, బీటిల్స్‌లో డ్రమ్ములు వాయించినాయన. ఆయన కథ గూడా వాడే చదివి చెప్పాడు. పదమూడో ఏట క్షయ పట్టుకుని ఏండ్ల తరబడి ఆసుపత్రి మంచం మీదుంటే, పిల్లోళ్లని హుషారు చేసేదానికి ఆడ వాయిద్యాలిచ్చారంట. అట్ట చేతికొచ్చింది దెబ్బ. ఎడంచేతివాటం మనిషి, కుడిచేతివాటం వాళ్లకి అమర్చే డ్రమ్ముల మీదే వాయిస్తాడు. 1968లో మన దేశానికి, రిషీకేశానికి గూడా వచ్చాడు, మహర్షి మహేశ్ యోగి కాడికి. కడుపుకి పడదని డబ్బాల్లో చిక్కుడుగింజలు వెంట తెచ్చుకున్నాడంట, పది రోజులకే ఇంటికెళ్లిపోయాడు. మన నెల్లూరు చేపల పులుసు కంటపడుంటే మర్నాడే పొయ్యేవాడు!

ఆయన 1989లో ఒక బృందం కట్టాడు. జులై 23న అమెరికాలో, డల్లాస్‌లో మొదటి కచేరి. ఆ బృందం అచ్చంగా మన కాంట్రాక్టు నాటకమే అనుకోండి. బిల్లీ ప్రెస్టన్, జో వాల్ష్, డాక్టర్ జాన్, రిక్ డాంకో, నిల్స్ లాఫ్‌గ్రెన్, శాక్సోఫోను క్లారెన్స్ క్లెమన్స్, ఎవరికి వాళ్లు ఇంకో బ్యాండులోనో సొంతంగానో పేరు తెచ్చుకున్నోళ్లు. డ్రమ్ములకి రింగోతోపాటు లెవాన్ హెల్మ్, జిమ్ కెల్ట్‌నర్. విన్నారా? ముగ్గురు డ్రమ్మర్లు, మన ముగ్గురు కృష్ణులు! కాకపోతే మనవాళ్లు ఒకరి తర్వాత ఒకరు, వాళ్లు ముగ్గురూ ఒకేసారి స్టేజీ మీద.

మరుసటేడు, 1990లో, లాస్ ఏంజిలిస్ గ్రీక్ థియేటర్లో వాయించింది రికార్డుగా వచ్చింది. 1992లో మనుషులు మారారు, ఆయన కొడుకు జాక్ గూడా డ్రమ్ముల మీద కూర్చున్నాడు. స్విట్జర్లాండులో మాంట్రూలో వాయించింది 1993లో రికార్డుగా వచ్చింది. అట్ట మనుషుల్ని మారుస్తానే ఉండాడు, రికార్డులు వస్తానే ఉండాయి. పీటర్ ఫ్రాంప్టన్ వచ్చాడు, జాక్ బ్రూస్ వచ్చాడు, షీలా ఇ అని డ్రమ్ములు ఉతికేసే ఆడమనిషి వచ్చింది, టోటో బ్యాండు స్టీవ్ లుకతర్ వచ్చాడు. రింగో మటుకు తన 'ఎల్లో సబ్‌మెరైన్' పాటని ఏ బృందం వచ్చినా పాడతానే ఉండాడు. మీ అన్నకి అదే విసుగు, "అన్ని రికార్డుల్లో అవే పాటలు తాతా" అంటాడు. పిచ్చోడా, పడక సీను ఎన్నిసార్లు విన్నాం మేము! పద్యం తెలియక పోతామా నాటకానికి? ఈసారి ఎవుడు, ఎట్ట ఎత్తుతాడు, వెనక ఎవురుండారు, దానికోసం గదా పొయ్యేది.

అయితే ఒక చోట మాత్రం వాళ్లు మనకంటే మేలని చెప్పక తప్పదు. ఆ బృందంలోకి రావాలంటే సొంతంగా జనం నోళ్లలో నానిన పాటలుండాల. ఆ పాటలు వాడే ముందుకొచ్చి పాడతాడు. కానీ మిగతావాళ్లు దిగిపోరు, వాడి పాటకి వాయిస్తారు. బిల్లీ ప్రెస్టన్ తన పాట పాడతా ఉంటే వెనక డ్రమ్ముల మీద రింగోనే. తన వంతు రాగానే ముందుకొచ్చి నాలుగు పాటలు పాడి, మళ్లీ వెనక్కిపోయి ఇంకొకడి పాటకి కర్రలు పట్టుకుంటాడు. ఆ డ్రమ్ముల్లో గొప్పలకి పోయిన దెబ్బ ఒక్కటి గూడా నాకు వినపళ్లా. పాటకి ఎంత కావాలో అంతే.

మన కృష్ణులు అట్టా? ఒకటో కృష్ణుడి సీనైపోతే రంగు కడుక్కుని, డబ్బులు లెక్కపెట్టుకుని, తెల్లారుజాము బస్సుకి పొయ్యేవాడు. లేదంటే తెర పక్కన నిలబడి రెండోవాడికి ఎన్ని వన్స్ మోర్లు పడతాయో వేళ్లు మడిచేవాడు. ఒకడి పద్యానికి ఇంకొకడు శ్రుతి పట్టుకున్నాడని నేను యాడా విన్లేదు. నాటకం పలచబడిపోవడానికి సినిమా వచ్చింది, టీవీ వచ్చింది అంటారు. అవీ కారణమే. ఇది గూడా కారణమని నేనంటా.

ఆ డల్లాస్ బృందంలో ఇప్పుడు చాలామంది లేరు. డాంకో 1999లో పోయాడు, ప్రెస్టన్ 2006లో, క్లెమన్స్ 2011లో, హెల్మ్ 2012లో, డాక్టర్ జాన్ 2019లో. ఎనభై దాటినాక గూడా రింగో కొత్తోళ్లని వెంటేసుకుని ఊళ్లు తిరిగాడంట, నా ఈడుకి దగ్గరోడే. నేను సూళ్లూరుపేట బస్సెక్కాలంటేనే మీరు ఇద్దరు పట్టుకోవాల.

ఇంక నా రేకుపెట్టెలో ఉండే క్యాసెట్టు మాట. ఆ షార్ సారు బదిలీ అయిపొయ్యేముందు చక్రాల టేపుల్ని క్యాసెట్లలోకి ఎక్కించి నాకిచ్చాడు. అందులో ఒక రాయబారం రాత్రుంది. ఒకటో కృష్ణుడు, పేరు చెప్పన్లే, పడక సీను మీద పడ్డాడు, దిగడు. వన్స్ మోర్ అన్నోళ్లు నలుగురే, ఆయన మూడోసారి ఎత్తుకున్నాడు. లోపల రెండో కృష్ణుడు కిరీటం పెట్టుకుని కాలుకాలిన పిల్లి మాదిరి తిరగతా ఉండాడు. టేపులో వినపడద్ది, "ఇంక దిగవయ్యా, కోడి కూస్తా ఉండాది!" జనం గొల్లుమన్నారు. ఈయన పంతానికి నాలుగోసారి ఎత్తుకోబొయ్యాడు. అప్పుడు హార్మోనిస్టు ఏం చేశాడో తెలుసా? మాట్లాళ్లేదు, ఆపలేదు. నాలుగు శ్రుతిలో వాయిస్తున్నవాడు మెల్లిగా రాగం అల్లుకుంటా పోయి ఐదులో నిలిపాడు. అది రెండో కృష్ణుడి శ్రుతి. ఒకటో ఆయన నోరు తెరిచాడు, పైకి అందలా. ఒక్క క్షణం ఏమీ లేదు, ఉత్త పెట్టె శ్రుతే. ఆ తర్వాత ఆయనే నవ్వేసి, హార్మోనియం వైపు తిరిగి దండం పెట్టి లోపలికి పోయాడు. చప్పట్లు! ఆ రాత్రి మొత్తంలో పెద్ద చప్పట్లు అవే, పడింది పద్యానికి గాదు.

పెద్దోడా, ఫోన్లోకి ఎక్కించేటప్పుడు ముందు ఆ క్యాసెట్టే ఎక్కించు, రెండో పక్క. నా టేప్‌రికార్డరు మోటారు ఈడ్చుకుంటా తిరగతాది, నువ్వు స్పీడు సరిచెయ్యాల. లేకపోతే ఐదులో పాడినాయన గూడా నాలుగులోనే పాడినట్టుంటాది, హార్మోనిస్టు చేసిన పని ఎవరికీ తెలవదు.