విల్ జేమ్స్: కల్పిత జీవితం, నిజమైన గుర్రాలు

విల్ జేమ్స్ (1892-1942) అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో పశువులు కాసిన కౌబాయ్. పొగరు గుర్రాలను లొంగదీసిన రౌతు, ఆ గుర్రాలనే జీవితమంతా గీసిన చిత్రకారుడు, ఇరవైకి పైగా పుస్తకాల రచయిత కూడా. 1926లో వచ్చిన ‘స్మోకీ’ అనే గుర్రం కథకు మరుసటి ఏడాది అమెరికా బాలసాహిత్యంలో అత్యున్నతమైన న్యూబెరీ పతకం దక్కింది. పాఠకులకు తెలిసిన విల్ జేమ్స్ మోంటానాలో పుట్టిన అనాథ. అటువంటి అనాథ ఎవరూ లేరు.

అతని అసలు పేరు జోసెఫ్ ఎర్నెస్ట్ నెఫ్తాలీ డుఫో. పుట్టింది కెనడాలోని క్విబెక్‌లో, ఫ్రెంచి మాట్లాడే కుటుంబంలో. తల్లిదండ్రులు, తోబుట్టువులు అందరూ ఉన్నారు. కౌబాయ్ కావాలన్న కోరికతో పదిహేనేళ్ళ వయసులో ఇల్లు విడిచి పశ్చిమ కెనడా చేరాడు. పశువుల పనితో పాటు ఇంగ్లీషు కూడా నేర్చుకున్నాడు. 1910 ప్రాంతంలో సరిహద్దు దాటి అమెరికాలో అడుగుపెట్టి, కొత్త పేరుతో చలామణీ అయ్యాడు.

1914లో నెవాడాలో పశువుల దొంగతనం కేసులో పట్టుబడ్డాడు. 1915 నుంచి దాదాపు ఏడాది కార్సన్ సిటీ జైలులో గడిపాడు. పెరోల్ దరఖాస్తుకు అతను ఒక బొమ్మ జత చేశాడు. అందులో తన గతం, వర్తమానం, భవిష్యత్తు గీసి, చిత్రకళను కొనసాగించాలన్నదే తన ఆశయమని రాశాడు. బయటికొచ్చాక మాత్రం మళ్ళీ గుర్రమే ఎక్కాడు. సినిమాల్లో స్టంట్లు చేశాడు, కొంతకాలం సైన్యంలో ఉన్నాడు.

దారి మళ్ళింది 1919లో, నెవాడాలోని రీనో పట్టణంలో. అక్కడ రోడియో పోటీలకు సన్నాహాలు జరుగుతున్నాయి. రోడియోలో అసలు పరీక్ష ఎగిరి విదిలించే గుర్రం మీద నిలవడం. నేటి నిబంధనల ప్రకారం ఒక చేత్తోనే పగ్గం పట్టుకుని 8 సెకన్లు కూర్చోవాలి. ఖాళీగా ఉన్న చెయ్యి గుర్రాన్ని తాకితే అంతే, అనర్హత. ఆ రోజుల్లో జేమ్స్ స్వారీ చేస్తున్న ‘హ్యాపీ’ అనే గుర్రం అతన్ని విసిరికొట్టింది. తల రైలు పట్టాలకు తగిలింది. కోలుకుంటున్న రోజుల్లో, ఇక ఒంటితో కాక చేతితో బతకాలని మిత్రులు నచ్చజెప్పారు. అతన్ని ఆదరించిన స్నేహితుడి చెల్లెలు ఆలిస్ కాన్రాడ్‌ను 1920లో పెళ్ళాడాడు.

శాన్‌ఫ్రాన్సిస్కోలోని కళాశాలలో కొద్దికాలం చదివాడు గానీ, ఆ చదువు అతనికి పెద్దగా పట్టలేదు. ఎదురుగా మోడల్ లేకుండా, జ్ఞాపకం నుంచే గీసేవాడు. అతని ప్రత్యేకత తెలియాలంటే చిత్రకళలో గుర్రం ఎంత ఇబ్బంది పెట్టిందో గుర్తు చేసుకోవాలి. దౌడు తీసే గుర్రాన్ని ముందుకాళ్ళు ముందుకు, వెనకకాళ్ళు వెనక్కు చాచినట్టు యూరప్ చిత్రకారులు తరతరాలుగా వేశారు. 1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ వరుస కెమెరాలతో తీసిన ఫొటోలు ఆ భంగిమ తప్పని తేల్చాయి. నాలుగు కాళ్ళూ గాల్లో ఉండే క్షణం ఉంది. అయితే అప్పుడవి చాచుకుని ఉండవు, పొట్ట కిందకు ముడుచుకుని ఉంటాయి. జేమ్స్‌కు ఈ సంగతి కెమెరా చెప్పనక్కర్లేకపోయింది. అతని బొమ్మలో గుర్రం తల ముందుకాళ్ళ మధ్యకు దూరుతుంది, వీపు విల్లులా వంగుతుంది, రౌతు మొండెం ఒక పక్కకు, టోపీ మరో పక్కకు పోతాయి. కింద కాస్త దుమ్ము. వెనక దాదాపు ఏమీ ఉండదు. బరువు ఎటు పడుతోందో, తర్వాతి కుదుపు ఎటునుంచి వస్తుందో కిందపడినవాడికి తెలిసినట్టు అందులో తెలుస్తుంది. నూనె రంగుల చిత్రాలూ వేశాడు గానీ, పెన్సిల్, సిరా గీతల్లో ఉన్న బిగువు వాటిలో తక్కువ.

1923లో ‘స్క్రిబ్నర్స్’ పత్రికలో ఎగిరే గుర్రాల మీద అతని తొలి వ్యాసం, బొమ్మలతో సహా వచ్చింది. హెమింగ్వే, ఫిట్జెరాల్డ్‌ల ఎడిటర్ మాక్స్‌వెల్ పెర్కిన్సే ఇతని పుస్తకాలనూ చూశాడు. వ్యాకరణం పట్టని ఆ కౌబాయ్ యాసను సరిదిద్దకుండా అచ్చువేశారు. పాఠకులు అచ్చమైన మోంటానా భాష అని మురిసిపోయిన ఆ ఇంగ్లీషు ఒక ఫ్రెంచి కుర్రాడు పెద్దయ్యాక నేర్చుకున్నది.

‘స్మోకీ’లో గుర్రం దొంగల చేత చిక్కి, దెబ్బలు తిని, మనిషిని ద్వేషించి, పేరు మారి రోడియోలో భయంకరమైన గుర్రంగా పేరుమోస్తుంది. సత్తువ తగ్గాక అద్దె గుర్రమై, చివరికి బండికి కట్టబడుతుంది. పాత యజమాని గుర్తుపట్టి ఇంటికి తీసుకుపోతాడు. 1930లో ‘లోన్ కౌబాయ్’ పేరుతో జేమ్స్ రాసుకున్న ఆత్మకథ మరో రకం. పసితనంలోనే అమ్మానాన్నలు పోయారని, బోపీ అనే ఫ్రెంచి కెనడియన్ వేటగాడు పెంచాడని అందులో రాశాడు. తన యాసకు అలా సంజాయిషీ దొరికింది. కన్నతల్లి క్విబెక్‌లో బతికి ఉండగానే పుస్తకంలో ఆమెను చంపేశాడు.

బయటపడతానేమోనన్న భయం పేరుతో పాటే పెరిగింది. పుట్టింటికి రహస్యంగా వెళ్ళి, తన ఉత్తరాలు తగలబెట్టమని కోరాడు. ఆలిస్‌కు కూడా నిజం చెప్పలేదు. తాగుడు ముదిరింది; మోంటానాలోని పశువుల క్షేత్రం చేజారింది, ఆలిస్ దూరమైంది. 1942 సెప్టెంబర్ 3న హాలీవుడ్‌లో, యాభై ఏళ్ళకే చనిపోయాడు. వీలునామాలో ఆస్తి ఎర్నెస్ట్ డుఫోకు చెందాలని ఉంది. ఆ డుఫో ఎవరో చుట్టుపక్కలవాళ్ళకు అర్థం కాలేదు. క్విబెక్ కథ పాఠకులకు వివరంగా తెలిసింది 1967లో, ఆంథొనీ అమరాల్ రాసిన జీవిత చరిత్రతో. అతని బొమ్మలు, పత్రాలు పెద్ద సంఖ్యలో ఇప్పుడు మోంటానాలోని బిల్లింగ్స్ పట్టణంలో, ఎల్లోస్టోన్ ఆర్ట్ మ్యూజియంలో ఉన్నాయి.