మన ఆఫీసు మన చేతికి ఎట్ల వచ్చింది

ప్రతి ఏడు ఈ నివేదికలో జమాఖర్చులు, తీర్మానాలు రాసుకుంటం. ఈసారి మన ఆఫీసు చరిత్ర కూడా రాయాలని ఈసీ మీటింగ్‌లో అందరు అన్నరు. ఆఫీసుకు చరిత్ర ఏముంటది, ఒక గది, రెండు బీరువాలే కదా అని మొదట అనుకున్న. పాత అక్కలను అడిగినంక తెలిసింది, గది దొరుకుడు చిన్న పని, దాంట్ల కూర్చొని పని నడుపుడు నేర్చుకునేందుకే ఏండ్లు పట్టిందని.

మన దిక్కు సంఘాలు డ్వాక్రాతో మొదలైనయి. 1982లో కేంద్ర ప్రభుత్వం దేశంలో 50 జిల్లాల్లో ఈ పథకం పెట్టింది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ముందుగా తీసుకున్న మూడు జిల్లాల్లో ఆదిలాబాద్ ఒకటి. శ్రీకాకుళం, కడప మిగతా రెండు. ఒక్కో గ్రూపుకు 15,000 రూపాయల నిధి ఉండేది. దాంట్ల కేంద్రం, రాష్ట్రం, యునిసెఫ్ తలా 5,000 పెట్టేవి. పైసలు మన పేరు మీదనే వచ్చినా ఆఫీసు మాత్రం జిల్లా కేంద్రంలో ఉండేది. ఊరికి గ్రామసేవిక వచ్చి పేర్లు రాసుకొని పోయేది. మా అమ్మ వాళ్లు వేలిముద్ర వేసి ఇంటికి వచ్చేటోళ్లు. ఆఫీసు అంటే సార్ల జాగ అనే అనుకునేటోళ్లు.

కరీంనగర్ జిల్లాలో ఇంకో తొవ్వ కూడా ఉండె. ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి గారు రైతులను కూడగట్టి సహకార గ్రామీణ బ్యాంకు పెట్టిండ్రు. ఆ ఊరు ఇప్పుడు హన్మకొండ జిల్లాలో ఉన్నది. ఆ చుట్టుపక్కల ఆడోళ్లు పొదుపు సంఘాలు పెట్టుకొని, 2000లో సొంత పాల డైరీ మొదలుపెట్టిండ్రు. పాలకవర్గం అంతా ఆడోళ్లే. స్వకృషి పేరుతో పాలు అమ్ముతరు. పాలు పూటపూటకు కొలవాలె, వెన్న చూడాలె, ఎవరి పైసలు వాళ్లకు లెక్కకట్టి ఇయ్యాలె. ఆఫీసు పని రాకుంటే డైరీ వారం కూడా నడవది.

అదే 2000లో ప్రపంచ బ్యాంకు అప్పుతో వెలుగు ప్రాజెక్టు వచ్చింది. మొదటి విడత ఆరు జిల్లాల్లో ఆదిలాబాద్ ఉన్నది. కరీంనగర్ 2003లో రెండో విడతలో చేరింది. ప్రాజెక్టును నడిపేందుకు పేదరిక నిర్మూలన సంస్థ, అంటే సెర్ప్ ఏర్పడ్డది. 2005లో వెలుగు పేరు ఇందిర క్రాంతి పథం అయింది. మనమంతా ఐకేపీ అని పిలుస్తం. సంఘాలు కలిసి గ్రామైక్య సంఘం, అవి కలిసి మండల సమాఖ్య, ఆ పైన జిల్లా సమాఖ్య.

మండల సమాఖ్యలు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టర్ అయినయి. ఈ సంగతి మనం మర్చిపోవద్దు. ఈ చట్టం కింద సంఘంలో ప్రభుత్వానికి వాటా ఉండది. ఎన్నుకున్న పాలకవర్గమే నడపాలె, ఏటా ఆడిట్ చేయించాలె, మహాజన సభ పెట్టాలె. హక్కుతోపాటు బరువు కూడా మన నెత్తిమీదనే పడ్డది. అందుకే శిక్షణలు మొదలైనయి.

ఆ శిక్షణల్లో చెప్పినవి చిన్న చిన్న పనులే. నెలకు ఒక తారీకు ఖాయం చేసుకొని ఆనాడే మీటింగ్ పెట్టుడు. ఏం మాట్లాడాల్నో ముందుగా రాసుకునుడు. తీర్మానం పుస్తకంలో రాసి, చదివి వినిపించినంకనే సంతకాలు తీసుకునుడు. వచ్చిన ఉత్తరానికి ఒక రిజిస్టర్, పోయిన ఉత్తరానికి ఒక రిజిస్టర్. పైస ముట్టితే రశీదు, ఇస్తే ఓచర్. చెక్కు మీద ఒక్కరి సంతకంతో పని కావద్దు. నగదు పుస్తకాన్ని నెలనెలా బ్యాంకు పాసుపుస్తకంతో సరిచూసుడు. బీరువా తాళం ఒకరి దగ్గర, చెక్కుబుక్కు ఇంకొకరి దగ్గర.

ఆదిలాబాద్ దిక్కు ఇది ఇంకా కష్టం. ఇంట్ల గోండి, కొలామి, మరాఠీ, లంబాడీ మాట్లాడే అక్కలు ఉన్నరు. పుస్తకాలేమో తెలుగులో. చదువు రాని అధ్యక్షురాలు కూడా లెక్క అడిగి చెప్పించుకోవాలె అనేది శిక్షణలో పెద్ద పాఠం. రాసేటోళ్లు జీతానికి రాస్తరు, జవాబు చెప్పాల్సింది మనం.

నేర్చుకున్నది నేర్పించుడు కూడా మన ఆడోళ్లే చేసిండ్రు. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ వచ్చినంక మన తెలుగు అక్కలు సీఆర్‌పీలుగా బీహార్ వంటి రాష్ట్రాలకు పోయి, అక్కడి ఊర్లలో ఉండి సంఘాలు కట్టించిండ్రు.

మాకు అసలు పరీక్ష 2016లో వచ్చింది. అక్టోబర్ 11న కొత్త జిల్లాలు ఏర్పడ్డయి. ఉమ్మడి కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల వచ్చినయి. ఉమ్మడి ఆదిలాబాద్ నుంచి నిర్మల్, మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాద్ వచ్చినయి. కొత్త మండలాలు కూడా ఏర్పడ్డయి, వాటిల మనది ఒకటి. పాత సమాఖ్య నుంచి మన ఊర్ల అప్పులు, పొదుపులు విడదీసి కొత్త ఆఫీసు పెట్టాలె. పుస్తకాలు సరిగ్గ ఉన్న గ్రామైక్య సంఘాల లెక్క ఒక్కపూటలో తేలింది. ఒక ఊరి పుస్తకాలు మాత్రం సగం పెన్సిల్‌తో రాసి ఉన్నయి. ఆ ఊరి అక్క ఒకామె కిస్తులన్నీ కట్టిన అంటది, పుస్తకంలో మూడు బాకీ ఉన్నయి. బ్యాంకు చలాన్లు, పాత తీర్మానాలు అన్నీ తిరగేస్తే రెండు కిస్తులు కట్టినట్టు దొరికినయి. మూడో దానికి కాయితం దొరకలే. రశీదు అడగాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ కిస్తు ఆమె మల్ల కట్టింది. అప్పుడు కార్యదర్శిని నేనే. ఆమె అబద్ధం ఆడలేదని నాకు తెలుసు, కానీ పుస్తకంలో లేని మాటను నేను రాయలేకపోయిన. అది ఇప్పటికీ నాకు బాధే.

ఆ తర్వాత నెల నుంచే మన ఆఫీసులో ఒక కట్టు పెట్టుకున్నం. రశీదు ఇయ్యకుండా పైస తీసుకోవద్దు, పెన్సిల్ ముట్టద్దు. పాలకవర్గం మారినప్పుడు పాతోళ్లు కొత్తోళ్లకు ప్రతి పుస్తకం చూపించి, అప్పగింత కాయితం మీద ఇద్దరు సంతకం పెట్టాలె.

ప్రాజెక్టులు వస్తయి, పేర్లు మారుతయి, సార్లు బదిలీ అయి పోతరు. మిగిలేది మన పుస్తకాలు, వాటిని చదువగలిగే మనం. ఇప్పుడు లెక్కలు ఫోన్లల్ల, ట్యాబులల్ల కూడా ఎక్కుతున్నయి, మంచిదే. కానీ అండ్ల మన పేరు మీద ఏమున్నదో చదివి చెప్పమని అడుగుడు మాత్రం మానద్దు. ప్రతి సంఘం నుంచి చదువుకున్న ఒక కోడలినో బిడ్డనో ఈ ఏడు ఆఫీసు శిక్షణకు పంపుండ్రి. చదువు రానోళ్లు కూడా రాండ్రి. ఆఫీసు మనది, తలుపు తీసే ఉంటది.